‘ఐపీ పెట్టాడు’ అన్న మాట గురించి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పత్రికల జిల్లా పేజీల్లో ‘కోట్లకు ఐపీ పెట్టి వ్యాపారి పరారీ’ అన్న తరహా శీర్షిక తరచుగా కనబడుతూ ఉంటుంది. ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా పిటిషను, అనే కోర్టు మాటలోని రెండు పొడి అక్షరాలు ఎప్పుడో తెలుగులో కలిసిపోయి, ‘టోపీ పెట్టాడు’ అనే మాటకు తోబుట్టువు లాగా వినబడుతున్నాయి. ప్రాస కుదిరింది గాని అర్థం కుదరలేదని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఐపీ వేసినవాడు తన అప్పులన్నీ, ఆస్తులన్నీ రాసి కోర్టు చేతిలో పెట్టి, పిలిచినప్పుడల్లా వచ్చి నిలబడవలసినవాడు. నోటీసులు పోస్టులో పంపి ఊరు వదిలిపోయినవాడు చట్టం పేరు మాత్రమే వాడుకున్నవాడు. ఈ తేడా నాకు తెలియడానికి కారణం, నేనే ఐపీ వేసినవాణ్ని కావడం, ఆ పనిని అందులో చెయ్యి తిరిగిన ఒక ప్లీడరు గారి సలహా మీద నడిపించుకోవడం.

పల్నాడు ప్రాంతంలో ఇరవై రెండేళ్లు విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపాను. మా వ్యాపారం ఎలా ఉంటుందో ఇటు వైపు పాఠకులకు వేరుగా చెప్పనక్కర లేదు. కంపెనీ డీలరు మాకు అరువిస్తాడు, మేము రైతుకు అరువిస్తాం, కాయ అమ్ముడుపోయాక డబ్బు వెనక్కి నడుస్తుంది. 2021-22లో మిర్చికి నల్ల తామర పురుగు సోకి తోటలకు తోటలే దున్నేసుకోవలసి వచ్చినప్పుడు ఆ నడక ఆగిపోయింది. అప్పటికి నేను బ్యాంకుకు 24 లక్షలు, డీలర్లకు 31 లక్షలు, చేతి నోట్ల మీద ప్రైవేటు వ్యక్తులకు 27 లక్షలు బాకీ ఉన్నాను. రైతుల దగ్గర నాకు రావలసినది కాగితం మీద దాదాపు 60 లక్షలు. ఆ కాగితం విలువ ఎంతో ఆ ఏడాది మా అందరికీ తెలిసిపోయింది.

నా దగ్గరకు మొదట వచ్చినవాడు ప్లీడరు కాదు, మధ్యవర్తి. ఇల్లు బావమరిది పేరున రాసేసి, స్థలానికి పాత తేదీతో ఒక అగ్రిమెంటు పుట్టించి, అందరికీ నోటీసులు వెళ్లేలా చూసి, నాలుగు నెలలు బంధువుల ఊళ్లో ఉండి రమ్మని అతని సలహా. ‘అందరూ చేసేదే’ అన్నాడు. ఆ రెండు ముక్కల్లో ఎంత బలం ఉంటుందో అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్న రోజున గాని తెలియదు. మా ఆవిడ ఒప్పుకోకపోవడం వల్ల, నా ధర్మబుద్ధి వల్ల ఎంతమాత్రమూ కాదు, ఆ పని ఆగింది. మర్నాడు ముప్పై ఏళ్లకు పైగా సివిల్ కోర్టులో పని చేసిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాం. ఆయన బాకీదారుల తరఫునే కాక అప్పులిచ్చినవాళ్ల తరఫున కూడా ఐపీ కేసులు నడిపినవారు, ఆస్తులు దాచినవాళ్లను బోనులో ప్రశ్నలడిగి పట్టుకున్నవారు. ఇటువంటి పనికి అనుభవం అంటే అదేనని నాకు తరవాత అర్థమైంది.

ఆయన ఎంత అప్పు అని అడగలేదు. ‘గడిచిన రెండేళ్లలో ఏ ఆస్తి అయినా ఎవరికైనా రాశారా? గడిచిన మూడు నెలల్లో ఒక్కరికే ప్రత్యేకంగా బాకీ తీర్చారా?’ అని అడిగారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఇప్పటికీ మన జిల్లాల్లో వ్యక్తుల దివాలాకు ఆధారం. అందులో 53వ సెక్షన్ ప్రకారం, దివాలా పిటిషనుకు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని కోర్టు రద్దు చేయగలదు. 54వ సెక్షన్ ప్రకారం, పిటిషనుకు ముందు మూడు నెలల్లో ఒక రుణదాతకు మిగతావాళ్ల కంటే మేలు చేయాలని కావాలని కట్టిన సొమ్ము కూడా చెల్లదు. నేను అంతకు కొన్ని రోజుల ముందే మా పెద్ద బావగారికి 3 లక్షలు తిరిగి ఇచ్చి ఉన్నాను. చెప్పడానికి నోరు రాలేదు, చెప్పాను. ఆ సంగతి పిటిషనులో రాయవలసిందేనని, లేకపోతే కేసు తీసుకోనని ప్లీడరు గారు అన్నారు. చివరకు ఆ 3 లక్షలు బావగారు రిసీవరుకు, అంటే దివాలా ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టిన అధికారికి, జమ కట్టవలసి వచ్చింది. మా ఇంటి శుభకార్యాలకు ఆయన ఇప్పటికీ రారు.

ప్లీడరుకు అంతా చెప్పేస్తే అది రేపు మనకే ఎదురు తిరుగుతుందేమోనని చాలామంది భయం. కక్షిదారు తన న్యాయవాదికి వృత్తి సంబంధంగా చెప్పిన మాటలను కక్షిదారు సమ్మతి లేకుండా బయటపెట్టరాదని చట్టమే చెబుతోంది. ఇదివరకు సాక్ష్య చట్టం 126వ సెక్షనులో ఉన్న ఆ రక్షణ 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షనులో ఉంది. అయితే ఆ రక్షణ జరిగిపోయిన తప్పును చెప్పుకోవడానికి వర్తిస్తుంది గాని, ఇల్లు ఎలా దాచాలో చెప్పమని అడగడానికి వర్తించదు. మధ్యవర్తికి చెప్పిన మాటకైతే ఏ రక్షణా లేదు. మా ఊళ్లో ఒకరి గుట్టు అప్పులవాళ్లకు అమ్మినది ఆ మధ్యవర్తే.

రెండోసారి వెళ్లినప్పుడు సంచిలో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పోయించి, ప్లీడరు గారూ ఆయన గుమస్తా గారూ వాటిని కట్టలుగా విడదీశారు. నా దృష్టిలో అప్పంతా ఒకటే కొండ. వాళ్ల దృష్టిలో ఒక్కొక్క కట్టకు ఒక్కొక్క చట్టం, ఒక్కొక్క గడువు. బ్యాంకు అప్పుకు దుకాణం స్థలం తనఖాలో ఉంది కాబట్టి ఐపీ దాన్ని తాకదు. తనఖా ఉన్న రుణదాత తన హక్కును తాను అమలు చేసుకోవచ్చు. తనఖా ఆస్తిని బ్యాంకు తానే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద వచ్చిన నోటీసులో 60 రోజుల గడువు అప్పటికే సగం గడిచిపోయింది. దానికి అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలని, ఆ తరవాత స్వాధీనానికి వస్తే 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునలుకు వెళ్లవచ్చని నాకు అంతకు ముందు తెలియదు. మేము ట్రిబ్యునలు దాకా వెళ్లలేదు. బ్యాంకును ఒప్పించి, వేలానికి రాకముందే స్థలాన్ని బయట మంచి ధరకు అమ్మి, బ్యాంకు బాకీ మూసేసి, మిగిలిన 5 లక్షలను ఐపీ షెడ్యూలులో (అప్పులు, ఆస్తుల జాబితాలో) నగదుగా చూపించాం. ఈ అమ్మకం ముందు, పిటిషను తరవాత అన్న వరుసను నిర్ణయించింది ఆయనే. నేనైతే కంగారులో పిటిషను ముందు వేసి, స్థలాన్ని వేలం పాటకు వదిలేసి ఉండేవాణ్ని.

డీలర్ల అప్పు రెండో కట్ట. మా వ్యాపారంలో కంపెనీ ఏజెన్సీ ఇచ్చేటప్పుడే సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు తీసుకుంటుంది. ఐపీ వేస్తే చెక్కు కేసు కూడా పోతుందని నేను నమ్మాను, నాలాంటివాళ్లు నూటికి తొంభై మంది నమ్ముతారు. పోదు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లింపు, చెల్లించకపోతే ఆ తరవాత నెల రోజుల్లో ఫిర్యాదు, నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూను. అది క్రిమినల్ కేసు, దాని దారి దానిదే. నా మీద పడిన రెండు చెక్కు కేసులు మా తమ్ముడు ఇచ్చిన డబ్బుతో లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాయి. ఆ డబ్బు తమ్ముడిదేనని, నా ఆస్తిలోది కాదని రుజువులతో సహా ముందుగానే రికార్డులో పెట్టాలని ప్లీడరు గారు పట్టుబట్టారు.

మూడో కట్టలో పద్నాలుగు ప్రోనోట్లు, ఎక్కువగా నూటికి రెండు రూపాయల వడ్డీవి. ప్రతి నోటునూ తిరగేసి, వెనక చెల్లు (కొంత కట్టినట్టు రాత) ఉందా, ఉంటే ఏ తేదీన వేశారు అని చూశారు. నోటు తేదీ నుంచి మూడేళ్లు దాటి, మధ్యలో చెల్లు గాని రాతపూర్వకమైన ఒప్పుకోలు గాని లేకపోతే దానికి కాలదోషం పడుతుంది. రెండు నోట్లు అలా తేలాయి. ఒకటి మా వీధిలోని ఒక ముసలావిడది, 60 వేలు. చట్టం దృష్టిలో ఆమెకు వాటా రాదని ప్లీడరు గారు చెప్పి ఊరుకున్నారు. ఏం చేయమన్నదీ చెప్పలేదు. కేసు ముగిశాక, నా కొత్త సంపాదన నుంచి, నెలకు 2 వేల చొప్పున ఆమెకు కడుతున్నాను.

అదే బల్ల దగ్గర ఇంకొక సంగతి జరిగింది. డీలరు అప్పులో ఒకదానికి మా బావమరిది హామీ సంతకం పెట్టి ఉన్నాడు. అతన్ని కూడా తీసుకువెళితే, ప్లీడరు గారు పది నిమిషాలు మాట్లాడి, ‘నువ్వు వేరే వకీలును చూసుకో నాయనా, మీ ఇద్దరి ప్రయోజనం ఒకటి కాదు’ అని పంపేశారు. నాకు అప్పుడు కోపం వచ్చింది. అసలు బాకీదారు దివాలా నుంచి విముక్తుడైనా హామీదారు బాధ్యత పోదని, ఇద్దరి తరఫునా ఒకరే మాట్లాడితే ఎవరో ఒకరు మోసపోతారని తెలిశాక ఆ కోపం పోయింది. ఫీజు వచ్చే కక్షిదారును వద్దని పంపేసిన మనిషిని నమ్మవచ్చుననిపించింది.

పిటిషను తయారు కావడానికి ఆరు వారాలు పట్టింది. ప్రతి రుణదాత పేరు, చిరునామా, మొత్తం, ఏ కాగితం మీద తీసుకున్నాను, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు విలువ రాయాలి. గుమస్తా గారు షెడ్యూలును నా చేత మూడుసార్లు తిరగరాయించారు. బీరువాలో బంగారం సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోయినట్టు నటించాను. ఆయన ఇలాంటి నటనలు చూసి చూసి అలసిపోయినవారు. మంగళసూత్రాలు, వంట పాత్రలు, పరుపులు, ఒంటి మీద బట్టలు వంటివి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జప్తుకు రావు కాబట్టి దివాలాలోనూ రిసీవరుకు చేరవు. రైతుకూ కూలీకీ తాము నివసించే ఇల్లు కూడా ఆ రక్షణలో ఉంది. నేను వ్యాపారిని, నాకు ఆ రక్షణ లేదు. ఇల్లు పోయింది. ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటున్నాం.

పిటిషను వేసిన రోజు నుంచే అప్పులవాళ్లు నోరెత్తకూడదనేది ఇంకొక భ్రమ. రుణదాతలు కోర్టు అనుమతి లేకుండా నా మీదికి రాకూడదన్న నిబంధన దివాలాదారుగా ఉత్తర్వు వచ్చిన తరవాతే అమలులోకి వస్తుంది. అరెస్టు నుంచి రక్షణ కావాలంటే దానికి వేరే దరఖాస్తు, వేరే ఉత్తర్వు ఉండాలి. నిజానికి డబ్బు లేని మనిషిని డబ్బు డిక్రీ (బాకీ కట్టమన్న కోర్టు తీర్పు) కోసం జైలులో పెట్టడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని, ఉండీ ఎగ్గొట్టే దురుద్దేశం కనబడాలని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జి వర్గీస్ కేసులో చెప్పింది. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయడానికి అసలే వీలులేదు. ఈ రెండు సంగతులూ తెలియకపోవడం వల్ల మా ఇంట్లో కొన్ని రాత్రులు నిద్ర లేదు.

అన్నిటికంటే ఎక్కువమంది జారిపడేది చివరి మెట్టు దగ్గర. దివాలా ఉత్తర్వుతో అప్పు తీరిపోదు. ఆ ఉత్తర్వులో కోర్టు పెట్టిన గడువులోగా డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విముక్తికి, దరఖాస్తు చేసుకోవాలి, చేసుకోకపోతే ఉత్తర్వే రద్దవుతుంది. పిటిషను వేసి ఫీజు తీసుకున్నాక కక్షిదారునే మర్చిపోయే న్యాయవాదులు లేకపోలేదు, వాళ్ల వల్ల మళ్లీ మొదటికొచ్చినవాళ్లను కోర్టు వరండాలో చూశాను. నా విషయంలో తనఖా లేని అప్పులకు వచ్చిన వాటా రూపాయికి 41 పైసలు. ఆస్తి విలువ తనఖా లేని అప్పులో రూపాయికి ఎనిమిదణాలకు (అంటే సగానికి) తగ్గితే, ఆ తగ్గుదలకు తాను బాధ్యుణ్ని కానని బాకీదారు చూపిస్తే తప్ప పూర్తి డిశ్చార్జి ఇవ్వరాదని ఆ పాత చట్టం అణాల లెక్కలోనే చెబుతుంది. వ్యాపారానికి తగిన లెక్క పుస్తకాలు మూడేళ్లవి లేకపోయినా, జూదం గాని దుబారా గాని కారణమైనా అదే గతి. నా ఖాతా పుస్తకాలు, రైతుల వారీ అరువు చిట్టాలు, పంట నష్టపు కాగితాలు ఒక వరుసలో పెట్టి ప్లీడరు గారు వాదించిన తీరు వల్ల డిశ్చార్జి వచ్చింది. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి మాత్రం డిశ్చార్జితో కూడా పోవు.

ఇదంతా వ్యాపారుల గొడవ అనుకునేవారికి మా అక్క కొడుకు సంగతి చెబుతాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆ కుర్రవాడు మూడు క్రెడిట్ కార్డులు, రెండు యాప్ అప్పులు, ఒక పర్సనల్ లోనుతో చిక్కుకుని, ‘ముప్పై శాతానికే సెటిల్ చేయిస్తాం’ అని ఫోనులో ప్రకటనలు ఇచ్చే ఒక సంస్థకు నెలనెలా డబ్బు కట్టాడు. ఆ సంస్థ అప్పులవాళ్లకు ఒక్క రూపాయి పంపలేదు. నేను అతన్ని అక్కడి ఒక అనుభవజ్ఞురాలైన న్యాయవాది దగ్గరకు పంపితే, ఆమె ఐపీ వద్దని మొదటి రోజే చెప్పారు. జీతం జప్తుకు వచ్చినా మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు తాకరానివని, వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టం చేసిందని, బంధువులకు ఫోన్లు చేసి అల్లరి పెడితే తేదీ, సమయం రాసుకుని ముందు ఆ సంస్థకు, నెల లోపు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు తరఫున ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలని చెప్పారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఆర్బిట్రేషను (కోర్టు బయట తీర్పరి చేత వివాదం తేల్చుకోవడం) నోటీసును అతడు చించి పారేశాడు. ఆమె ఆ ముక్కలు అతికించుకు తెమ్మన్నారు. వివాదంలో ఆసక్తి ఉన్న పక్షం ఏకైక తీర్పరిని తానొక్కటే నియమించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పినా, ఆ అభ్యంతరాన్ని ఎవరో ఒకరు లేవనెత్తాలి కదా. రాజీ కుదిరిన ప్రతి చోటా బాకీ లేదన్న ఉత్తరం తీసుకున్న తరవాతే ఆమె ఫైలు మూశారు. క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అన్న మాట కొన్నేళ్లు వెంటాడుతుందని కూడా దాచకుండా చెప్పారు.

ఇక్కడొక విచిత్రం ఉంది. న్యాయవాది తనకు తాను ప్రకటన ఇచ్చుకోరాదని, కేసు ఫలితంలో వాటా ఫీజుగా మాట్లాడుకోరాదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి అప్పుల్లో ఉన్న మనిషి ఫోనులో కనబడేది ప్రకటనలు ఇచ్చుకునే ఏజెంటే గాని ప్లీడరు కాడు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో గాని, 15100 నంబరులో గాని అడిగితే స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మిగిలినవారు ఐపీ కేసులు రెండు వైపులా నడిపినది ఎవరని బార్ అసోసియేషనులో నలుగురిని అడగాలి, వెళ్లాక ‘డిశ్చార్జి దాకా మీరే చూస్తారా?’ అని అడగాలి. ఇంకొక కొరత ప్రభుత్వానిది. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల కోసం రాసిన భాగం, 2019 డిసెంబరు 1న కంపెనీ అప్పులకు హామీ ఇచ్చినవాళ్ల వరకు మాత్రమే అమలులోకి వచ్చి అక్కడే ఆగింది. బీదవాడికి కొత్త ఆరంభం పేరుతో అందులో రాసిన అర్హత ఏడాదికి 60 వేల లోపు ఆదాయం, 35 వేల లోపు అప్పు. ఈ రోజుల్లో ఆ అంకెలకు సరిపోయే బాకీదారును వెతకడం కష్టం.

కనుక నా విన్నపం రెండు ముక్కలు. ఒకడు ఆస్తులు దాచి పారిపోతే ‘మోసం చేసి పరారీ’ అని రాయండి. కోర్టులో షెడ్యూలు పెట్టి నిలబడినవాడి గురించి ‘దివాలా పిటిషను వేశాడు’ అని రాయండి. వీలైతే వారానికొకసారి ఇటువంటి కేసుల్లో అనుభవం ఉన్న న్యాయవాది చేత పాఠకుల అప్పుల ప్రశ్నలకు జవాబులు రాయించండి.

ఈ ఉత్తరం కింద నా పేరు వేయవద్దని కోరుతున్నాను. కోర్టు నన్ను విముక్తుణ్ని చేసి ఏడాది కావస్తోంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. కిందటి నెలలో వచ్చినవాళ్లు కాఫీ తాగి, జాతకం అడిగి తీసుకుని, మా వీధి మలుపులోని కిళ్లీ కొట్టు దగ్గర మా గురించి వాకబు చేశారట. అతను చెప్పినది ఆ రెండక్షరాల మాటే.

ఇట్లు,
ఒక పాత ఎరువుల వ్యాపారి,
పల్నాడు జిల్లా